బావ నెమ్మదిగా వాయించిన పాటలు

మా బ్యాండు పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఎవరైనా గుర్తుపడతారేమోనని కాదు, ఎవరూ గుర్తుపట్టరేమోనని. మేం ముగ్గురం. పాటలు రాసి, పాడి, గిటారు వాయించేది నేను. పగలంతా కళ్ళద్దాల దుకాణంలో, వచ్చినవాళ్ళ చేత గోడ మీది అక్షరాలు చదివిస్తుంటాను. బేస్ గిటారు డాక్టరమ్మది. ఆవిడ వైద్యం చేసేది కుక్కలకీ పిల్లులకీ. డ్రమ్ములు మా బావవి. మా ఆవిడకి సొంత అన్నయ్య, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మేం వాయించేదాన్ని ఇండీ రాక్ అంటారు. అంటే ఏమిటని చుట్టాలెవరైనా అడిగితే మా ఆవిడ నన్ను నోరు తెరవనివ్వదు. "పెద్ద కంపెనీలేవీ గడప తొక్కనివ్వని పాటలు," అని తనే చెప్పేస్తుంది.

అలా ఇరవై ఏళ్ళకు పైగా వాయించాం. ఆరు ఆల్బమ్‌లు తెచ్చాం. వాటిని కొన్నవాళ్ళలో సగం మందిని నేను పేరు పెట్టి పిలవగలను. మిగతా సగం బంధువులు. వాళ్ళనీ పిలవగలను గానీ, పాటలెలా ఉన్నాయని అడిగే ధైర్యం లేదు. ఆరు అట్టల మీదా నా ఫొటో ఉంటుంది, ఆరింటిలోనూ నేను పక్కకే చూస్తుంటాను. మొదటి అట్ట మీద పక్కకి చూస్తే ఎవరో లోతైన మనిషిలా ఉన్నావన్నారు. ఇక అక్కణ్ణుంచి కెమెరా ఎటుంటే నేను దానికి అడ్డంగా తిరిగాను. మా అత్తగారు ఒకసారి అట్ట చేతిలో పట్టుకుని, "అల్లుడికి మెడ పట్టేసిందా?" అని అడిగిందట.

ఒకరోజు రికార్డుల కొట్టాయన ఫోన్ చేశాడు. ఈయన కొట్టు చెప్పుల షాపు కింద నేలమాళిగలో ఉంటుంది. మా చివరి రెండు ఆల్బమ్‌లూ తనే తెచ్చాడు. ఆ తర్వాత కూడా నా ఫోన్ ఎత్తుతున్నాడంటే దేవుడిలాంటి మనిషి.

"అన్నా, మీ మొదటి ఆల్బమ్ నుంచి ఇప్పటిదాకా మంచి పాటలు ఏరి ఒక సంకలనం వేద్దాం," అన్నాడు. "రెండు పెద్ద రికార్డులు, మంచి అట్ట. చివర్లో ఒక కొత్త పాట. ఏరే పని మీదే."

నేను చంకలు గుద్దుకున్నాను. ఏరడమంటే ఏవి వదిలేయాలో తేల్చుకోవడం అనుకున్నాను నేను. ఇదే మాట డాక్టరమ్మతో చెబితే, ఆవిడ ఏదో కుక్కపిల్ల చెవిలో మందు వేస్తూ, "రెండు రికార్డులకి సరిపడా ఉన్నాయంటావా?" అంది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఇస్త్రీ చేస్తోంది. తలెత్తకుండానే, "సంతోషం. అన్నయ్య కూడా చెప్పాడు. ఇదే ఆఖరిది కదా, బాగా రానివ్వండి," అంది.

"ఆఖరిదేమిటి?"

"ఈ సంకలనం అయ్యాక డ్రమ్ములు వాయించడం మానేస్తాడట. మీకు చెప్పలేదా?"

"లేదు."

"మీకు చెప్పడం కష్టమండీ," అంది ఇస్త్రీపెట్టె నిలబెట్టి. "ఏదైనా చెబితే మూతి ముడుచుకుని తిండి మానేస్తారు. అన్నయ్యకి మీకు వండిపెట్టే బాధ లేదు గనక సరిపోయింది, నాకుందిగా."

మా పెళ్ళికి ముందు నుంచీ బావతో వాయిస్తున్నాను. మా ఆవిడని మొదటిసారి చూసిందే వాళ్ళింటి మెట్ల మీద, నేను బావ పెద్ద డ్రమ్ము కింద ఇరుక్కుని, పైకి మోయలేక, కిందికి దించలేక నిలబడ్డప్పుడు. పక్కనుంచి దిగుతూ నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వే ఇప్పటికీ నవ్వుతోంది. బావ మానేస్తే డాక్టరమ్మ కూడా మానేస్తుంది, ఆవిడకి కావలసినన్ని కుక్కలున్నాయి. అప్పుడు నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే మనిషిని, అంతే. ఇప్పుడు కూడా అంతే, కాకపోతే శనివారాలు కాస్త తేడాగా ఉంటాయి. ఆ తేడా లేకుండా బతకడం నాకు చేతకాదు. ఎలాగైనా బావని ఆపాలి.

ఎలా ఆపాలో నాకు వెంటనే తట్టింది. వెంటనే తట్టిన ఆలోచనలన్నీ నాకు గొప్పగానే కనిపిస్తాయి. ఈ సంకలనాన్ని బావకి కానుకగా ఇవ్వాలి. నాకు నచ్చిన పాటలు కాదు, బావకి నచ్చినవి ఏరాలి. వినగానే కళ్ళు చెమర్చి, కర్రలు గట్టిగా పట్టుకుని, "నేనెక్కడికీ పోను బావా," అనాలి.

బావకి ఏ పాటలు నచ్చుతాయో తెలుసుకోవడమే కాస్త చిక్కు. ఆయన మాటల మనిషి కాదు. ఇన్నేళ్ళలో నేను తెచ్చిన ప్రతి కొత్త పాటకీ ఆయన అన్న మాట "ఊఁ" ఒక్కటే. అందుకని పాత ఆల్బమ్‌లు ముందేసుకుని కూర్చున్నాను. మొదటిది బావ వాళ్ళ కారు షెడ్డులో, కిటికీలకి దుప్పట్లు కట్టి రికార్డు చేసింది. అందులో నా గొంతు, పరీక్ష తప్పిన సంగతి ఇంట్లో చెబుతున్న కుర్రాడి గొంతులా ఉంది. మూడోదంతా సముద్రం గురించి. అప్పటికి నేను సముద్రాన్ని చూడలేదు. నాలుగో దాంట్లో ప్రతి పాటకీ ముందు నేనొక నిట్టూర్పు విడుస్తాను. అది కూడా కళేనని అప్పట్లో నా నమ్మకం.

నా సంగతి పక్కనపెట్టి బావని మాత్రమే విన్నాను. వినగా వినగా ఒకటి తెలిసింది. కొన్ని పాటల్ని బావ అందరు డ్రమ్మర్లలాగే వాయించేశాడు, చురుగ్గా, హుషారుగా, పని చక్కబెట్టుకుపోయినట్టు. మరికొన్నిటిలో అలా కాదు. చాలా నెమ్మది. ఒక్కో దెబ్బనీ వదల్లేక వదులుతున్నట్టు, బరువుగా, ఆగి ఆగి. డ్రమ్ములు నెమ్మదిస్తే మిగతావాళ్ళకి వేరే దారి ఉండదు, పాట మొత్తం నెమ్మదించాల్సిందే. నేను కూడా ఒక్కో మాటనీ సాగదీసుకుంటూ పాడాను వాటిని. మమ్మల్ని గురించి ఎప్పుడైనా ఒకరిద్దరు పత్రికల్లో రాశారంటే ఆ పాటల గురించే. "ఈ నెమ్మదిలో ఏదో బాధ ఉంది," అని రాశాడొకాయన. ఆ బాధ నాదేననుకుని కత్తిరించి దాచుకున్నాను.

ప్రేమ లేకపోతే మనిషి అంత ఆగి ఆగి వాయిస్తాడా? నా లెక్క తేలిపోయింది. నెమ్మది పాటలన్నీ తీసుకున్నాను. హుషారు పాటలన్నీ అవతల పారేశాను, మా జీవితంలో జనం లేచి గంతులేసిన ఒకే ఒక్క పాటతో సహా. మొదటి రికార్డు మొదట్లోనే "నేను" పెట్టాను. నా పాటల్లోకెల్లా లోతైనదని నేనే అందరికీ చెప్పే పాట. "నాలోని నేను నన్ను వెతికే వేళ, నేను లేని నేనుకి నేనే నీడ," అని మొదలవుతుంది. అందులో రెండో చరణం మొత్తం బావ డ్రమ్ములు ముట్టుకోడు. నేనొక్కణ్ణే పాడతాను. ఆ మౌనం విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది.

ఆదివారం పొద్దున కొట్టు మూసి ఉండగా అందరం కూర్చుని వినాలని రికార్డుల కొట్టాయన పిలిచాడు. ఆ నేలమాళిగలో పైనుంచి తోలు వాసన దిగుతుంది. కొత్త చెప్పులు తొడుక్కుని నడిచి చూసుకునేవాళ్ళ అడుగులు కప్పు మీద వినిపిస్తుంటాయి. నాలుగడుగులు పోయి, ఆగి, వెనక్కి వచ్చేస్తారు. బావ డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. నీలం పనికోటు విప్పి కుర్చీ వెనక తగిలించి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ ఒళ్ళంతా తెల్లటి పిల్లి బొచ్చుతో వచ్చింది.

"బావా, ఇది నీకోసమే ఏరాను," అన్నాను. "విను."

"ఊఁ," అన్నాడు బావ.

"నేను" అయింది. రెండోదీ అయింది. మూడోది మొదలవగానే బావ డాక్టరమ్మ వైపు చూశాడు. నాలుగో పాటకి డాక్టరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని నా చేతిరుమాలు అందించాను. ఆవిడ దాన్ని నోట్లో కుక్కుకుంది. నేను మాత్రం బావ కళ్ళ వంకే చూస్తున్నాను, ఎప్పుడు చెమరుస్తాయా అని. ఆ కళ్ళు చెమర్చలేదు గానీ ఎర్రబడ్డాయి. అది కూడా దారిలోనే ఉన్నట్టు లెక్క అనుకున్నాను.

రెండో రికార్డు సగంలో ఉండగా బావ లేచాడు. కోటు తొడుక్కున్నాడు.

"లిఫ్టేదో ఆగిందట," అన్నాడు. ఆయన ఫోన్ మోగనే లేదు. మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

"తట్టుకోలేకపోయాడు," అన్నాను నేను.

డాక్టరమ్మ నోట్లోంచి రుమాలు తీసింది. "కవిగారూ," అంది. నా మీద కోపమొచ్చినా జాలేసినా అలాగే పిలుస్తుంది. "నువ్వు తెలియక చేశావా, కావాలని చేశావా?"

"ఏం చేశాను?"

"అవన్నీ ఆయనకి నచ్చని పాటలు. ఒక్కటీ వదలకుండా, ఏరి ఏరి పెట్టావు. నేనైనా అన్ని గుర్తుపెట్టుకోలేను."

నాకు అర్థం కాలేదు. ఆవిడ విడమర్చి చెప్పింది. మొదటి ఆల్బమ్ రోజుల్లో, ఆ కారు షెడ్డులో, ఒక పాట రెండో చరణంలో మాటలు మరీ ఎక్కువయ్యాయని బావ అన్నాడట. నేను ఒంటికాలి మీద లేచానట. "నా పాట గురించి నోటితో చెప్పొద్దు! చెప్పదలుచుకున్నదేదో వాయిద్యంతో చెప్పండి!" అని గిటారు కింద పెట్టి వెళ్ళిపోయానట. ఆ వాక్యం నాకు బ్రహ్మాండంగా గుర్తుంది. మా బ్యాండు సిద్ధాంతం అదేనని మైకు కనిపించిన ప్రతిచోటా చెప్పాను. ఎవరిని తిడుతూ చెప్పానో అదే గుర్తులేదు.

"నువ్వు సిద్ధాంతం అనుకున్నావు. మేం నిబంధన అనుకున్నాం," అంది డాక్టరమ్మ. "అప్పట్నుంచి పాట నచ్చకపోతే ఆయన నెమ్మదిగా వాయిస్తాడు. ఎంత నచ్చకపోతే అంత నెమ్మది."

"మరి 'నేను'లో రెండో చరణం? ఆ మౌనం?"

"మౌనం కాదది. సమ్మె."

కాసేపు కప్పు మీద ఎవరివో అడుగుల చప్పుడు విన్నాను. నాలుగు అడుగులు, వెనక్కి. ఆ చెప్పులూ నచ్చలేదు కాబోలు.

"నువ్వు?" అని అడిగాను, అడక్కుండా ఉండాల్సింది. "నీకు నచ్చకపోతే నువ్వేం చేస్తావు?"

"నేనా? ఒకటే స్వరం పట్టుకుని చివరిదాకా వదలను."

మా పాటలన్నీ గబగబా మనసులో తిప్పుకున్నాను. అలాంటివి చాలానే ఉన్నాయి. తల కొట్టేసినట్టయింది.

"ఒక్క మాట అన్నా," అన్నాడు రికార్డుల కొట్టాయన. పాపం, తన కొట్టులో తనే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. "జనం ఇప్పటికీ వచ్చి అడిగేవి మాత్రం ఈ నెమ్మది పాటలే."

ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. బావ ఏమనుకుని మెట్లెక్కి ఉంటాడో అదే తిరుగుతోంది బుర్రలో. ఇన్నేళ్ళుగా తను వద్దు వద్దన్నవన్నీ ఒకచోట కట్టగట్టి, మంచి అట్ట వేసి, "నీకోసమే," అని చేతిలో పెట్టాను. వెళ్ళిపోవాలో వద్దో అని ఏ మూలైనా ఊగిసలాడుతుంటే, ఇక ఆ అవసరం కూడా లేకుండా చేశాను.

మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో సెలవు చెప్పి బావని వెతుక్కుంటూ వెళ్ళాను. ఏదో ఆఫీసుల భవనం. లిఫ్టు బాగుచేశాక మెకానిక్కు తనే అందులో ఎక్కి, పైకీ కిందికీ నాలుగైదు సార్లు తిరిగి చూసుకుంటాడు. అది ఆయన పని పద్ధతి. నేను వెళ్ళేసరికి బావ అదే చేస్తున్నాడు. మీటల పలక మూత ఊడదీసి ఉంది, లోపల తీగలు కనిపిస్తున్నాయి. నేనూ ఎక్కాను.

"బావా, నాకు నిజంగా తెలియదు," అన్నాను తలుపులు మూసుకోగానే.

"ఏ అంతస్తు?" అన్నాడు.

"నువ్వెక్కడ దిగితే అక్కడ."

లిఫ్టు పైకి కదిలింది. బావ నా వైపు చూడకుండా, చెవి ఒగ్గి మోటారు చప్పుడు వింటున్నాడు. ఆ చెవిలో పడాలంటే నేను మనిషిగా కాకుండా మోటారుగా పుట్టాల్సింది.

"మరి నోటితో ఒక్కసారి చెప్పొచ్చుగా బావా?"

"చెప్పొద్దన్నదెవరు?"

మధ్యలో లిఫ్టు ఆగి, చేతినిండా కాయితాలతో ఒకావిడ ఎక్కింది. ఆవిడ ఉంది గదా అని బావ ఆగుతాడనుకున్నాను. ఇన్నేళ్ళు ఆపుకున్న మనిషి ఒకసారి మొదలుపెడితే ఇక ఎవరున్నా ఆగడు.

"చెప్పలేదంటావేంటి? ప్రతి శనివారం చెప్పాను. రెండు చేతులతో, రెండు కాళ్ళతో చెప్పాను. అంత నెమ్మదిగా వాయిస్తుంటే, ఒక్కసారైనా వెనక్కి తిరిగి ఏంటి బావా అని అడిగావా? వెనక్కి తిరిగేవాడివి, అదీ చెప్పాలి. తిరిగి, కళ్ళు మూసుకుని, ఆహా అని తలూపి, మళ్ళీ ముందుకి తిరిగిపోయేవాడివి."

నేను అలా తల ఊపిన ఫొటో ఒకటి మా ఇంటి హాల్లో ఫ్రేము కట్టించి ఉంది.

"ఆ 'నేను' పాట," అన్నాడు బావ. "అందులో ఎంతమంది ఉన్నారు బావా? ఈ లిఫ్టులో కూడా అంతమందిని ఎక్కనివ్వం."

కాయితాలావిడ పెదవి కొరుక్కుంది. తన అంతస్తు రాగానే దిగుతూ, "ఆయన చెప్పేది మీరు కాస్త వినండి," అని నాకు చెప్పి వెళ్ళింది. ఎవరో ఏమిటో తెలియని మనిషి. తలుపులు మూసుకునేదాకా ఆవిడకి తల ఊపుతూనే ఉన్నాను.

"పాటలు మార్చేస్తాను," అన్నాను. "నువ్వు చెప్పినవి పెడతాను. హుషారువి."

బావ తల అడ్డంగా ఊపాడు. "వద్దు. పాటలు బాలేవు గానీ, వాయింపు బాగుంది. ఉండనీ."

"మరి ఇంకేంటి బావా? ఉండిపో."

లిఫ్టు పై అంతస్తుకి చేరి ఆగింది. బావ తలుపులు తెరవలేదు. నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో. కోపమే ఉంటే బాగుండేది.

"ఓపిక లేదు బావా. గోడకి చెప్పి చెప్పి చేతులు పడిపోయాయి. ఆ కొత్త పాటొకటి వాయించేస్తా, మాటిచ్చాను గనక. తర్వాత డ్రమ్ములు ఎవరికైనా ఇచ్చేస్తా." మీట నొక్కాడు. లిఫ్టు కిందికి దిగింది. తలుపులు తెరుచుకున్నాక, "దిగు. నీ బరువుతో పరీక్ష అయిపోయింది," అన్నాడు.

ఆ వారమంతా కొత్త పాటతో కుస్తీ పట్టాను. బావకి నచ్చే పాట రాయాలి. నా జీవితంలో ఎప్పుడూ ఇంకొకరి చెవి గురించి ఆలోచించి రాసినవాణ్ణి కాదు. కూర్చుంటే "నేను" తప్ప ఇంకో మాట రాదు. "నువ్వు" అని మొదలుపెడితే రెండో పాదానికల్లా నా సంగతే వచ్చేస్తోంది. ఒకరోజు దుకాణంలో ఒక పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి చూపిస్తూ, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడుగుతున్నాను. రోజంతా నేను అడిగేది అదే ప్రశ్న. అడుగుతూ అడుగుతూ మధ్యలో ఆగిపోయాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళందరినీ ఓపిగ్గా అడుగుతాను. వాళ్ళు ఇందాకటిదే బాగుందంటే నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు, మారుస్తాను. ఇంత తేలికైన ప్రశ్న బావని ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"బాబూ, రెండూ మసగ్గానే ఉన్నాయి," అన్నాడు పెద్దాయన. అద్దం పెట్టడం మర్చిపోయాను.

శనివారం పొద్దున డాక్టరమ్మ ఆసుపత్రి వెనక గదిలో కలిశాం. మేం వాయించేది అక్కడే. గోడకి అవతల బోనుల్లో కుక్కలు. నేను పాడటం మొదలుపెడితే వాటిలో ఒకటి తప్పకుండా శ్రుతి కలుపుతుంది. రికార్డుల కొట్టాయన మైకులు నిలబెట్టి, తీగలు పరిచి సిద్ధంగా ఉన్నాడు. బావ వచ్చాడు. తలుపు పక్కన కుక్కల గొలుసులు తగిలించే కొయ్య మేకు ఒకటుంటుంది. ఎన్నో ఏళ్ళుగా రాగానే కోటు దానికి తగిలించి కూర్చోవడం ఆయన అలవాటు. ఆ రోజు కోటు విప్పలేదు. గుండీలు పెట్టుకునే డ్రమ్ముల వెనక కూర్చున్నాడు.

నేను పాట ఒకసారి గిటారు మీద పాడి వినిపించాను.

"ఊఁ," అన్నాడు బావ. కర్రలు ఎత్తాడు.

అబ్బ, ఏం వేగం! నా వేళ్ళు అందుకోలేకపోయాయి. పల్లవి అలా ఎగిరిపోయింది. నచ్చింది, బావకి నచ్చింది! నా మనసు గాల్లో తేలిపోయింది. చివరికి సాధించానని, ఇక బావ ఎక్కడికీ పోడని, మొదటి చరణంలోనే నన్ను నేను మెచ్చుకోవడం పూర్తయింది. ఆ సంబరంలో ఎప్పటిలాగే తల ఊపుదామని వెనక్కి తిరిగాను. కళ్ళు మూసుకోబోయి, కాయితాలావిడ గుర్తొచ్చి, తెరిచే ఉంచాను.

బావ డ్రమ్ముల వంక చూడటం లేదు. తలుపు వంక చూస్తున్నాడు. గుండీలు పెట్టుకున్న కోటులో చెమటలు కారిపోతూ, పని ముగించుకుని బస్సు అందుకోవాలన్నట్టు కొట్టేస్తున్నాడు. నచ్చి కాదు. నచ్చలేదని చెప్పడం కూడా మానేశాడు. పాట ఎప్పుడు అయిపోతుందా అని వాయిస్తున్నాడు.

నేను గిటారు ఆపేశాను. పాట మధ్యలో నేను ఆపడం అదే మొదలు. నా గొంతు నాకెంత ముద్దో అందరికీ తెలుసు. డాక్టరమ్మ ఆపింది. బావ ఇంకా నాలుగు దెబ్బలు కొట్టి ఆగాడు. గోడవతల కుక్క ఒక్కటే కాసేపు కొనసాగించింది.

"ఏమైంది అన్నా, బాగా వస్తోందిగా?" అన్నాడు రికార్డుల కొట్టాయన.

"బావా," అన్నాను. "నీకిది నచ్చలేదు. నచ్చనట్టే వాయించు."

బావ నన్ను ఎగాదిగా చూశాడు. నేను కళ్ళు దించలేదు. ఆయన కర్రలు ఒకసారి తొడ మీద తుడుచుకున్నాడు. మొదలుపెట్టాడు.

అంత నెమ్మదిగా ఆయన ఎప్పుడూ వాయించలేదు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నా మాటలు ఒంటరిగా, దిక్కులేకుండా నిలబడ్డాయి. వాటి వెనక దాక్కోవడానికి ఏమీ లేదు. ఏది నిజంగా అన్న మాటో, ఏది నన్ను నేను అలంకరించుకోవడానికి తగిలించిందో నాకే తెలిసిపోతోంది. ఆ నెమ్మదిలో బాధ ఉందని రాసిన పత్రికాయన పొరబడలేదు. ఎవరి బాధో నాకు తెలియలేదు, అంతే. ఇన్నేళ్ళూ జనం డబ్బిచ్చి కొనుక్కున్నది నా లోతు కాదు. నా పాటని పట్టి వెనక్కి లాగుతున్న మా బావ చేతుల్ని. ఆ పాటలు నిలబడ్డాయంటే ఆయన వద్దని లాగబట్టే. ముందుకి పరిగెత్తింది నేనొక్కణ్ణే.

రెండో చరణం రాగానే బావ చేతులు ఆగిపోయాయి. సమ్మె. నేనూ ఆగాను. గిటారు పక్కనపెట్టి, స్టూలు లాక్కుని, డ్రమ్ములకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. దుకాణంలో కూర్చున్నట్టే.

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడిగాను.

నేను మూతి ముడుస్తానేమోనని బావ చూస్తున్నాడు. డాక్టరమ్మ కూడా చూస్తోంది. నాకు ముడుచుకోవాలనే ఉంది, అలవాటైన మూతి. బలవంతాన ఆపుకున్నాను.

"రెండూ బాలేవు," అన్నాడు.

"ఎక్కడ?"

"రెండో చరణం అంతా. మొదటి చరణంలో ఆ చివరి రెండు ముక్కలు. పల్లవిలో ఆ పొగమంచు ఎందుకొచ్చింది? ఎప్పుడు చూసినా నీ పాటల్లో పొగమంచే. పైగా నువ్వు పనిచేసేది కళ్ళద్దాల దుకాణంలోనాయె." ఆగాడు. నా మొహం మరోసారి చూసుకున్నాడు. మళ్ళీ అందుకున్నాడు. చాలాసేపు చెప్పాడు. మధ్యలో మూడో ఆల్బమ్‌కి కూడా వెళ్ళొచ్చాడు, ఆ సముద్రం మీద ఆయనకి చాలా ఉంది. నాకు కోపమొచ్చింది, ఒకచోట ఏడుపు కూడా వచ్చింది. లేచి వెళ్ళిపోలేదు. డాక్టరమ్మ తన వంతు ఎప్పుడా అన్నట్టు కుర్చీ ముందుకి జరిపింది.

చివరికి బావ కర్రలు డ్రమ్ము మీద పెట్టేశాడు. నుదుటి చెమట చేత్తో తుడుచుకున్నాడు.

"ఇది బాలేదు," అన్నాడు. "వచ్చే వారం ఇంకోటి పట్టుకురా."

"వచ్చే వారమా!" రికార్డుల కొట్టాయన లబోదిబోమన్నాడు. "అన్నా, మిగతావన్నీ అచ్చుకి సిద్ధంగా ఉన్నాయి, దీనికోసమే ఆపి ఉంచాను, సోమవారానికల్లా..."

ఆయన ఇంకా ఏదేదో అంటున్నాడు, నాకు వినిపించడం లేదు.

"వచ్చే వారం అన్నావా బావా?" అని అడిగాను.

"చెవుడు కూడానా నీకు?" అన్నాడు బావ. లేచి, కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకుంటూ ఆ మేకు దగ్గరికి నడిచాడు.